అత్తగారు మందు మార్చేసింది: హిందీ సీరియల్లో ‘పాగల్’ని చూడటం ఎలా

మా అమ్మ ‘చిన్నారి పెళ్ళికూతురు’ రోజుల నుంచీ హిందీ సీరియళ్ల మనిషి. మొదట్లో తెలుగు డబ్బింగ్‌లో చూసేది, తర్వాత డబ్బింగ్ వచ్చేదాకా ఆగలేక నేరుగా హిందీలోనే చూడటం మొదలుపెట్టింది, ఇప్పుడు నాతో పోట్లాడేటప్పుడు కూడా మధ్యలో చెయ్యెత్తి "బస్!" అంటుంది. ఇదంతా సరదాగానే ఉండేది, మా తమ్ముడి బిళ్లల రంగు మారేదాకా.

తమ్ముడికి బైపోలార్ ఉంది, అంటే కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బు, దానికి లిథియం అనే మందు వాడతాడు. ఒక నెల మందుల షాపులో ఎప్పుడూ ఇచ్చే కంపెనీది లేదని వేరే కంపెనీది ఇచ్చారు. మందు అదే, మోతాదు అదే, బిళ్ల మాత్రం తెల్లది కాస్తా లేత గులాబీ అయింది. అమ్మ ఆ స్ట్రిప్‌ని ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి "రంగు మారిందేమిటే?" అంది. నేను ఆఫీసుకి పరిగెడుతూ "కంపెనీ మారుంటుందిలే" అనేశాను. సరిగ్గా ఆ వారమే ఆవిడ చూసే సీరియల్లో ఒక ఆడపడుచు కోడలి మందు సీసాలో బిళ్లలు మార్చేసింది, ఆ పిల్లకి తల తిరిగి, లేని మనుషులు కనబడి, చివరికి పెద్ద విందులో అందరి ముందూ కేకలు పెట్టింది. అమ్మ ఆ రాత్రే తమ్ముడి బిళ్లలన్నీ ఒక స్టీలు డబ్బాలో పోసి పోపుల డబ్బా వెనక దాచేసి, వాడికి రోజూ బి-కాంప్లెక్స్ ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే సీరియల్లో విలన్ చేసిన పనే, కాకపోతే ప్రేమతో.

ఎనిమిదో రోజు తెల్లవారుజామున మూడింటికి లేచి చూస్తే వాడు హాల్లో పుస్తకాల అలమర మొత్తం కిందకి దించి రంగుల వారీగా సర్దుతున్నాడు, నాలుగు రోజులుగా సరిగ్గా నిద్రే లేదట, మాట మీద మాట, ఏ మాటా పూర్తి కావడం లేదు. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. అక్కడి డాక్టరు అమ్మని తిట్టలేదు. "మీ అనుమానం తప్పు కాదమ్మా, లిథియంలో కంపెనీ మారితే మాకు చెప్పాల్సిందే, రక్తంలో మందు ఎంత ఉందో మళ్లీ చూసుకోవాలి, కానీ మీరు ఫోన్ చెయ్యాలి, మందు ఆపకూడదు" అన్నాడు.

సీరియళ్లు మానెయ్యమని అమ్మకి చెప్పే ధైర్యం నాకు లేదు, నిజానికి నేనూ మానలేను. అందుకని చూసే పద్ధతి మార్చుకున్నాం. ఇంట్లో మానసిక జబ్బు ఉన్నవాళ్లో, ఆటిజం ఉన్న పిల్లలో ఉండి, సాయంత్రం ఏడు నుంచి పదిదాకా టీవీలో హిందీ మోగుతుండే ఇళ్లకి ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

జబ్బు పేరు చెప్పారా?

మొదట పట్టుకోవాల్సింది ఇది. హిందీ సీరియల్ డాక్టరు స్టెతస్కోప్ తీసి మెళ్లో వేసుకుని, గుమ్మం దగ్గర నిలబడి "ఇన్‌కీ దిమాగీ హాలత్ ఠీక్ నహీ హై" అంటాడు, మతి సరిగ్గా లేదు అని. లేకపోతే "గెహ్‌రా సద్మా లగా హై". పెద్ద దెబ్బ తగిలింది అని. ఏ దెబ్బ, ఎప్పటి నుంచి, నిద్ర ఎలా ఉంది, తిండి తింటోందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఒక్క ప్రశ్న అడగడు. వెళ్తూ వెళ్తూ "ఇన్హే ఖుష్ రఖియే" అని సలహా. సంతోషంగా ఉంచాలట. నిజం డాక్టరు మా తమ్ముడి గురించి మొదటిరోజు గంటసేపు అడిగాడు, బైపోలార్ అన్న మాట నాలుగోసారి వెళ్లినప్పుడు గానీ అనలేదు.

పేరు లేకపోతే అది జబ్బు కాదు, కథకి కావాల్సిన మలుపు. అలాంటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ ‘పిచ్చి’ ఎవరి పని చేసిపెడుతోంది? ఆస్తి కాగితాల మీద సంతకం కోసమా, పెళ్లి ఆపడానికా, హీరోయిన్ చేత నెలరోజులు ఏడిపించడానికా, లేక పాత హీరో వెళ్లిపోయి కొత్త హీరో వచ్చేదాకా కథని సాగదియ్యడానికా? సమాధానం దొరికిందంటే ఆ ట్రాక్‌లో చూపించే మందుల్నీ డాక్టర్లనీ సీరియస్‌గా తీసుకోనక్కర్లేదని అర్థం. అమ్మకి ఈ ఆట బాగా నచ్చింది. ఇప్పుడు డాక్టరు నోరు తెరవకముందే "ఆస్తి" అనో "పెళ్లి" అనో చెప్పేస్తుంది, పదింట్లో ఎనిమిది కరెక్టే.

మందు మార్చే ట్రాక్

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మా ఇంటిని ముంచింది ఇదే కాబట్టి. తాళాలు దాచెయ్యడం, లైట్లు ఆర్పి వెలిగించడం, కోడలు పెట్టిన చోట వస్తువు లేకుండా చెయ్యడం, పాలల్లో ఏదో కలపడం, చివరికి డబ్బు తిన్న డాక్టరు చేత ‘పాగల్’ అని సర్టిఫికెట్ రాయించి, తెల్ల వ్యానులో పాగల్‌ఖానాకి పంపడం. ఎన్ని సీరియళ్లలో చూశామో లెక్కలేదు. ఇందులో ఒక మంచి ఉంది, ఒప్పుకోవాలి. ఒక మనిషిని కావాలని గందరగోళపెట్టి "నీకే మతి పోయింది" అని నమ్మించడం అన్నది ఇళ్లల్లో నిజంగా జరిగే హింస, దాన్ని ఇంత వివరంగా చూపించేది సీరియళ్లే. మా పక్కింటావిడ ఒక ట్రాక్ చూసి "మా ఆయన చేసేది ఇదే" అంది, నవ్వకుండా.

కానీ రెండు నెలలు చూశాక మనసులో మిగిలేది వేరే. మందంటే విషం, సైకియాట్రిస్టంటే అమ్ముడుపోయినవాడు, ఆస్పత్రి అంటే జైలు. పైగా కోడలికి అసలు ఏ జబ్బూ లేదని తేలినప్పుడే కథకి సుఖాంతం. నిజంగా జబ్బున్న కోడలు, మందు వేసుకుంటూ, ఆఫీసుకి వెళ్తూ, అత్తగారితో మామూలుగానే పోట్లాడుతూ ఉండే కోడలు మీకు ఎక్కడైనా కనబడిందా?

ఇక్కడ చట్టం తెలిస్తే సీన్ సగం తేలిపోతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 నుంచి అమల్లో ఉంది. అందులో మూడో సెక్షన్‌లోనే ఉంది: మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన ఆ మనిషి మతిస్థిమితం లేనివాడు అయిపోడు, ఆ మాట కోర్టు చెప్పాలి. అంటే డాక్టరు సర్టిఫికెట్ ఊపుతూ "అబ్ సారీ జాయ్‌దాద్ మేరీ" (ఇక ఆస్తంతా నాదే) అనే విలన్‌కి ఆ కాగితంతో ఏమీ రాదు. ఇష్టం లేకుండా ఆస్పత్రిలో చేర్చాలన్నా ఒక డాక్టరు సంతకం చాలదు. ఒక సైకియాట్రిస్టు, ఇంకొక నిపుణుడో డాక్టరో, ఇద్దరూ ఎవరికి వారు విడివిడిగా చూసి చెప్పాలి, మొదట ముప్పై రోజులకి మించకూడదు, చేరినది ఆడమనిషి అయితే మూడు రోజుల్లోపే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకి తెలియజెయ్యాలి, చేరిన మనిషి ఆ బోర్డుకి అప్పీలు చేసుకోవచ్చు కూడా. తెల్ల వ్యాను వచ్చినప్పుడల్లా నేను "రెండో డాక్టరేడీ?" అంటాను. ఇంట్లో ఎవరూ నవ్వరు, అయినా అంటాను.

విడాకుల సీన్లకీ ఇదే. కోర్టులో లాయరు "యే ఔరత్ పాగల్ హై మీలార్డ్" అనగానే విడాకులు వచ్చేస్తాయి సీరియల్లో. స్కిజోఫ్రీనియా అన్న పేరు ఒక్కటే చాలదు, ఆ జబ్బు ఎంత తీవ్రంగా ఉందో, కలిసి బతకడానికి నిజంగా వీల్లేనంతగా ఉందో లేదో చూడాలి అని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. సీరియల్ లాయర్లకి ఆ తీర్పు ఇంకా చేరినట్టు లేదు.

కరెంటు షాకు

కట్టేసిన మంచం, గింజుకుంటున్న హీరోయిన్, స్విచ్ దగ్గర నవ్వుతున్న కాంపౌండరు. ఈ సీన్ వచ్చినప్పుడు మీ ఇంట్లో ఎవరికైనా ఈసీటీ, అంటే ఈ కరెంటు షాకు చికిత్స, జరిగి ఉంటేనో, డాక్టరు సలహా ఇచ్చి ఉంటేనో వాళ్ల మొహం ఒకసారి చూడండి. రిమోట్ అందుకోండి, తప్పులేదు. మార్చాక ఊరుకోకండి, ఇది చెప్పండి: మత్తు ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి, నిద్రలోనే చేస్తారు, మనిషికి తెలియదు, కొన్నాళ్లు కొన్ని సంగతులు మరుపు ఉండవచ్చు. మంచం దిగనంత, తిండి ముట్టనంత, ప్రాణం తీసుకోవాలనేంత డిప్రెషన్‌లో మిగతావేవీ పనిచెయ్యనప్పుడు ఇది నిలబెట్టిన మనుషులున్నారు. టీవీలో చూపించే రకం, అంటే మత్తు లేకుండా ఇవ్వడం, అదే 2017 చట్టం 95వ సెక్షన్ కింద నిషేధం. గొలుసులతో కట్టడం కూడా ఆ సెక్షన్ కిందే నిషేధం.

గొలుసుల మాట వచ్చింది కాబట్టి బాబాల గురించి రెండు ముక్కలు. నాగకన్యలు, దయ్యాలు ఉండే సీరియల్ వేరు, అది అద్భుత కథ, దాన్ని ఎవరూ మెడికల్ పుస్తకం అనుకోరు. మామూలు కుటుంబ సీరియల్లో, కొత్తగా ప్రసవించిన పిల్ల ఏడుస్తూ, బిడ్డని ఎత్తుకోకుండా, నిద్రపోకుండా, ఎవరో పిలుస్తున్నారని అంటుంటే "ఊపరీ హవా", అంటే గాలి సోకింది అని తాంత్రికుణ్ణి పిలిపించడం చూస్తేనే నాకు మండుతుంది. ప్రసవమైన మొదటి రెండు వారాల్లో ఇలా మొదలైతే అది అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన పరిస్థితి, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గర నమ్మకంతో కట్టేసి ఉంచిన మనుషులు, ఇరవై ఎనిమిది మంది, మంటలొచ్చినప్పుడు గొలుసులు తెంచుకోలేక కాలిపోయారు. ఆ తర్వాత కూడా టీవీలో గొలుసు ఒక సెట్ ప్రాపర్టీగానే మిగిలింది.

సైకో ప్రేమికులు

‘బేహద్’ నేను వదలకుండా చూశాను. 2016లో సోనీలో వచ్చింది, జెన్నిఫర్ వింగెట్ మాయ అనే పాత్రని నిప్పులా చేసింది, ఆ పాత్ర మీద నాకు ఫిర్యాదు లేదు, చెడ్డ ఆడపాత్రలు కూడా ఉండాలి. అలాంటివి చూసేటప్పుడు ఒక చిన్న పని చెయ్యండి. ఆ పాత్ర చేసే చెడ్డపనులన్నిటికీ కథ ఇచ్చే కారణం ఏమిటో చూడండి. స్వార్థం, అసూయ, అహంకారం, చిన్నప్పటి దెబ్బలు, ఇవి కారణాలైతే మనిషిని చూపిస్తున్నారని. "దిమాగ్ ఖరాబ్ హై, ఇస్లియే", మతి చెడింది కాబట్టి, అంతే అయితే, జబ్బుకి నేరాన్ని అంటగడుతున్నారని. ఓటీటీలో ‘బ్రీత్: ఇన్‌టు ద షాడోస్’ (2020) ఒక మనిషిలో రెండు వ్యక్తిత్వాలు పెట్టి, అందులో ఒకదాని చేత హత్యలు చేయిస్తుంది. థ్రిల్లర్‌గా సరే. కానీ అది చూసిన నా కొలీగ్ "స్కిజోఫ్రీనియా అంటే ఇదే కదా" అన్నాడు. కాదు. స్కిజోఫ్రీనియాలో లేని మాటలు వినబడటం, లేనిది నమ్మడం, మెల్లగా మనుషులకి దూరమవ్వడం ఉంటాయి, ఇద్దరు మనుషులుగా విడిపోవడం ఉండదు.

ఇంకో లెక్క చెయ్యండి. బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్లు 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. పదిమందిలో ఒకరు. మీరు చూసే సీరియల్లో ఉమ్మడి కుటుంబం ఎంతమంది? పాతికమంది, పనివాళ్లతో ముప్పై. అంటే ముగ్గురికి ఉండాలి. ఆందోళనతో పొద్దున్నే కడుపులో తిప్పే తోడికోడలు, తాగుడు మానలేని మామగారు, ఊరికే అలిసిపోయి కూర్చునే బాబాయి. వాళ్లు ఎవరూ కత్తి పట్టుకోరు, అందుకే కథలోకి రారు.

భోలీ పిల్ల, బుద్ధి ఎదగని హీరో

ఆటిజం, డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ లాంటివి జబ్బులు కావు, మెదడు వేరే తీరున పెరగడం. హిందీ టీవీ వీటిని రెండే గంపల్లో వేస్తుంది: ‘మంద్‌బుద్ధి’ లేదా ‘జీనియస్’. చట్టం ఇంతకంటే నయం, 2017 చట్టంలో మానసిక జబ్బు నిర్వచనంలోంచే బుద్ధిమాంద్యాన్ని బయటపెట్టారు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజాన్నీ, చదవడం-రాయడంలో వచ్చే ఇబ్బందుల్నీ, బుద్ధిమాంద్యాన్నీ, మానసిక జబ్బునీ ఇరవై ఒక్క రకాల వైకల్యాల్లో వేర్వేరుగా రాశారు. సీరియల్ రచయితకి ఇవన్నీ ఒకటే, రెండు జడలు, గళ్ల గౌను, చేతిలో బొమ్మ.

అయితే 2009లో జీ టీవీ ‘ఆప్‌కీ అంతరా’ అని ఒక సీరియల్ వేసింది, ఆటిజం ఉన్న చిన్నపిల్లే కథకి కేంద్రం, జైనా వస్తానీ అనే పాప చేసింది. రోజువారీ సీరియల్లో ఆ పేరు పెట్టి, పిలిస్తే పలకని పిల్లని, కళ్లలోకి చూడని పిల్లని ఇంటింటికీ తీసుకురావడం అప్పటికి చాలా పెద్ద మాట. ఏడుపు ఎక్కువే, సీరియల్ కదా. దొరికితే కొన్ని ఎపిసోడ్లు చూడండి, కానీ చూసేటప్పుడు కెమెరా ఎవరి మొహం మీద ఆగుతోందో గమనించండి. పాపకి ఏదో అయినప్పుడు వెంటనే తల్లి కళ్లలో నీళ్లు చూపిస్తే, కథ తల్లిది. పాప దేన్ని చూస్తోందో అది చూపిస్తే, కథ పాపది. ఈ ఒక్క పరీక్ష ఏ సినిమాకైనా, సీరియల్‌కైనా పనిచేస్తుంది.

మా పిన్ని మనవడికి ఆటిజం. కుక్కర్ మూడో విజిల్‌కి రెండు చెవులూ మూసుకుని వంటింటి గుమ్మానికి అతుక్కుపోతాడు, మొదటి రెండు విజిళ్లకి ఏమీ అనడు, ఎందుకో ఇప్పటికీ మాకు తెలియదు. సీరియల్లో అయితే వాడు ఈపాటికి పెద్ద పెద్ద గుణకారాలు నోటితో చేసేయాలి, లేదా పియానో వాయించాలి. వాడికి లెక్కలు రావు, పియానో మా ఇంట్లో లేదు, వాడికి ఇష్టమైనది ఫ్యాను ఆగేటప్పుడు రెక్కలు లెక్కపెట్టడం. బంధువులెవరైనా "వీడిలో ఏదో టాలెంటు దాగుంటుంది, టీవీలో చూపించారు" అంటే పిన్ని మొహం చిన్నబోతుంది, టాలెంటు లేకపోతే వాడు లెక్కలోకి రాడా అని. అలాంటప్పుడు మీరు పక్కనుంటే టాపిక్ మార్చకుండా "వాడికేం ఇష్టం?" అని అడగండి చాలు.

ఇక పెళ్లి ట్రాక్. బుద్ధి ఎదగని కొడుక్కి సంగతి దాచి పెళ్లి చెయ్యడం, ఆ భార్య ఓపికతో, ప్రేమతో అతను ఒకరోజు మామూలు మనిషైపోవడం. లేకపోతే తలకి దెబ్బ తగిలి సరైపోవడం. టీవీలో తిప్పి తిప్పి వేసే ‘కోయీ మిల్ గయా’ (2003)లో ఆ పనికి గ్రహాంతరవాసి వస్తాడు, నాకు అదే కాస్త నిజాయితీగా అనిపిస్తుంది, కనీసం భార్య చేత వెట్టిచాకిరీ చేయించలేదు. "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అన్న మాట మన చుట్టాల్లో ఎవరి నోటైనా వచ్చినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు, అక్కడే ఖండించండి, పెళ్లిచూపులు దాకా పోనివ్వకండి.

నటించేది ఎవరన్నది కూడా చూడాలి. 2025లో వచ్చిన ‘సితారే జమీన్ పర్’ సినిమాలో ఇలాంటి తేడాలున్న పదిమంది పాత్రల్ని నిజంగా ఆ తేడాలున్న నటులే చేశారు. చూసిన తర్వాత మన సీరియల్ హీరో నోరు పక్కకి పెట్టి, మెడ వంచి చేసే నటన మళ్లీ చూడబుద్ధి కాదు.

పాగల్, పిచ్చి

మాటల సంగతి. డబ్బింగ్ మాటలు రాసే స్నేహితురాలిని ఒకసారి అడిగాను, ప్రతి ‘పాగల్’నీ ‘పిచ్చి’ అనే ఎందుకు రాస్తారే అని. "పెదాలు" అంది. ‘పా’కి పెదాలు మూసుకుని తెరుచుకుంటాయి, ‘పి’కీ అంతే, "పాగల్ హో గయీ హో క్యా"కి "పిచ్చి పట్టిందా నీకు" గీత గీసినట్టు కూర్చుంటుంది. నేను ‘మతి’ అని రాయొచ్చుగా, మకారానికీ పెదాలు కలుస్తాయిగా అంటే, రోజుకి ఎన్ని ఎపిసోడ్లు రాస్తున్నామో తెలిసే అడుగుతున్నావా అంది. న్యాయమే. హిందీలో "ఆగ్రా భేజ్ దో", "రాంచీ భేజ్ దో" (అక్కడికి పంపించెయ్యండి) అని ఉంటే తెలుగులో ఠక్కున ‘ఎర్రగడ్డ’ వచ్చేస్తుంది. మూడు ఊళ్లలోనూ పాత మానసిక ఆస్పత్రులున్నాయి, ఆగ్రాది 1859 నాటిది, రాంచీ కేంద్ర సంస్థ 1918లో పెట్టింది. అక్కడికి వెళ్లి నయమై వచ్చినవాళ్లు టీవీ ముందు కూర్చునే ఆ మాట వింటారు. మా తమ్ముడు వింటాడు.

ప్రేమతో అనే "పగలీ కహీంకీ"ని నేను పట్టించుకోను, "పిచ్చిపిల్లా" అనకుండా మనమూ బతకలేం. తిట్టుగా, బెదిరింపుగా వాడిందే లెక్క. అభ్యంతరం చెప్తే మారుతుందా అంటే, మారింది కూడా. ‘మెంటల్ హై క్యా’ అని పేరు పెట్టిన సినిమాకి ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ అభ్యంతరం చెప్పింది, 2019లో అది ‘జడ్జిమెంటల్ హై క్యా’గా బయటికొచ్చింది. 2024 జులైలో సుప్రీంకోర్టు ఇంకో హిందీ సినిమా కేసులో, వైకల్యం ఉన్నవాళ్లని కించపరిచే హాస్యం వేరు, వైకల్యాన్ని అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు అని విడదీసి చెప్పింది, పాత్రలు రాసేటప్పుడు వాళ్లనీ సంప్రదించమంది.

యాడ్స్ వచ్చినప్పుడు

సీన్ నడుస్తుండగా ఉపన్యాసం మొదలుపెడితే మిమ్మల్ని గదిలోంచి పంపించేస్తారు. బ్రేక్ వచ్చేదాకా ఆగండి. అప్పుడు కూడా "ఇది తప్పు" అనకండి, అడగండి. "అమ్మా, ఆ బిళ్ల వేసుకోగానే అరగంటలో మారిపోయింది చూశావా, తమ్ముడికి ఎన్నాళ్లు పట్టింది?" అంటే అమ్మే చెప్తుంది. డిప్రెషన్ మందులు పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో పడుతుందన్నది చాలామందికి తెలియదు, మూడోరోజుకే ‘పనిచెయ్యడం లేదు’ అని ఆపేస్తారు. ఇంట్లో జబ్బున్న మనిషిని మాత్రం ఉదాహరణగా వాడే ముందు అడిగి వాడండి. నేను అడగలేదు మొదట్లో, తమ్ముడు ఒకరోజు టీవీ ఆపేసి లోపలికి వెళ్లిపోయాడు.

మంచివి చూపించండి. ఆమిర్ ఖాన్ ‘సత్యమేవ జయతే’ 2014 సీజన్‌లో మానసిక ఆరోగ్యం మీద ఒక ఎపిసోడ్ ఉంది. దీపికా పదుకొణె 2015లో తన డిప్రెషన్ గురించి టీవీలో కూర్చుని చెప్పిన ఇంటర్వ్యూ ఉంది, కూతురి ఏడుపు ఎప్పటిలాంటిది కాదని మొదట పసిగట్టింది వాళ్లమ్మే. సీరియల్ అమ్మలు ఏడుపు చూసి హారతి పళ్లెం తీస్తారు. చావు మాటలు సీన్లో వచ్చి, ఇంట్లో ఎవరైనా మరీ నిశ్శబ్దమైపోతే మాత్రం రిమోట్ పక్కన పెట్టి నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి-మానస్, నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

మరీ ఘోరంగా ఉంటే ఫిర్యాదు చెయ్యండి. ఛానల్ పేరు, సీరియల్ పేరు, తేదీ, సమయం, ఆ డైలాగు ఉన్నదున్నట్టు రాసుకోండి, "మనోభావాలు దెబ్బతిన్నాయి" అని రాస్తే ఎవరూ చదవరు, "ఫలానా రోజు ఎనిమిదీ పన్నెండుకి ఆస్పత్రిలో రోగిని గొలుసుతో కట్టేసి అదే చికిత్స అని చూపించారు, 2017 చట్టం 95వ సెక్షన్ దీన్ని నిషేధించింది" అని రాస్తే చదువుతారు. తాంత్రికుడి సీనైతే, మూఢనమ్మకాలను ప్రోత్సహించకూడదని కేబుల్ టీవీ ప్రోగ్రాం కోడ్‌లోనే ఉంది, అది రాయండి. 2021 నుంచి ఉన్న నియమాల ప్రకారం ఫిర్యాదు ముట్టినట్టు ఇరవై నాలుగు గంటల్లో, జవాబు పదిహేను రోజుల్లో ఇవ్వాలి. తృప్తి లేకపోతే పైన ఛానళ్ల స్వీయ నియంత్రణ సంస్థకి వెళ్లొచ్చు. ఓటీటీకీ దాదాపు ఇదే దారి.

మేమూ ఒకటి పంపాం, పోయినేడు, బిళ్లలు మార్చే ట్రాక్ మీదే. నేను టైప్ చేస్తుంటే అమ్మ పక్కన కూర్చుని తనదీ ఒక పాయింటు చేర్చమని పట్టుబట్టింది: ఆ డాక్టరు పేరు గది తలుపు మీద ఒకటి, కోటు మీద ఇంకొకటి ఉంది, కనీసం అది సరిచేసుకోండి అని. పదమూడో రోజున జవాబొచ్చింది, మీ సూచనను సంబంధిత బృందానికి పంపాం అని రెండు లైన్లు. అమ్మ దాన్ని ప్రింట్ తీయించుకుని తమ్ముడి మందుల ఫైల్లో పెట్టింది, రక్తపరీక్షల రిపోర్టుల పైన.